మనసు రాకపోయినా వెళ్లాను

చాలా వారాలుగా ఏమీ రాయలేదేమని కొందరు ఫోన్ చేసి అడిగారు. పనులు ఎక్కువయ్యాయని చెప్పాను. అది సగం నిజం. మిగతా సగం ఈ రోజు రాస్తున్నాను. రాయడానికి మనసు లేదు. ఎందుకు లేదో చదివితే మీకే తెలుస్తుంది.

మొన్న వానాకాలంలో ఒక ఆదివారం మీకు గుర్తుండే ఉంటుంది. తెల్లవారుజామున గాలివానకు మన ఊరి ట్రాన్స్‌ఫార్మర్ పోయింది. కీబోర్డు లేదు, ప్యాడ్స్ లేవు, మైకు లేదు. ఒక డోలక్, ఒక కంజీర, మన గొంతులు. పాత పాటలు నాలుగు పాడుకున్నాం. రేకుల మీద వాన చప్పుడుకు నేను చెప్పిన వాక్యం వెనక వరుసకు వినబడి ఉండదు. ఆరాధన అయ్యాక మన యవనస్థులు ఇద్దరు నా దగ్గరకొచ్చి, "ఇయ్యాల ఫీల్ రాలే అయ్యగారు. ఆరాధన చేసినట్టే లేదు" అన్నారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు, నాకూ రాలేదు. కానీ ఆ మాట నన్ను వారమంతా పట్టుకుంది. కరెంటు వస్తే వచ్చి, కరెంటు పోతే పోయేది మనం ఇన్నాళ్లూ దేవుని సన్నిధి అనుకుంటున్నామా?

వాళ్ల మీద నింద వేయడం లేదు. అలా నేర్పింది మేమే. "దేవుని ఆత్మ కదలికను అనుభవిస్తున్నారా? చేతులెత్తండి" అని మైకులో అడిగేది మేమే. కళ్ల నీళ్లు వచ్చినవాళ్లను దీవెన పొందినవాళ్లు అంటాం. రానివాళ్లు తమలో ఏదో లోపముందనుకొని ఇంటికి వెళ్తారు. కొందరు వచ్చే వారం తెచ్చిపెట్టుకొని ఏడుస్తారు.

ఆ తర్వాతి నెల మొదటి ఆదివారం ప్రభు బల్ల. ఆ రోజు మత్తయి సువార్త 5వ అధ్యాయం 23, 24 వచనాలు తీసుకొని మాట్లాడాను. బలిపీఠం దగ్గర కానుక పట్టుకొని నిలబడినప్పుడు నీ సహోదరునికి నీ మీద ఏదో ఉందని గుర్తొస్తే కానుక అక్కడే పెట్టి ముందు వెళ్లమని ప్రభువు చెప్పిన సంగతి. పదిహేడేళ్లలో ఈ వాక్యం మీద ఎన్నిసార్లు మాట్లాడానో లెక్క లేదు. ప్రసంగం అయిపోయింది, రొట్టె పంచుతున్నాం. ముందు వరుసలో చాప మీద కూర్చునే మన పెద్దమ్మ (పేరు రాయను, మీకందరికీ తెలుసు) లేచి కర్ర పట్టుకొని బయటికి నడిచింది. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. ముగింపు ప్రార్థన వేళకు తిరిగొచ్చింది. వెనకాలే ఆమె కోడలు, కొంగుతో చేతులు తుడుచుకుంటూ. ఇద్దరి మధ్య రెండేళ్లుగా మాటలు లేవని ఊరంతా ఎరుగును.

"నాకిప్పుడు ఇయ్యి అయ్యగారు" అని చెయ్యి చాపింది పెద్దమ్మ.

తర్వాత అడిగాను, "దేవుడు మనసు మార్చాడా అమ్మా?" అని. పాస్టర్లు అడిగే ప్రశ్న అది. ఆమె నన్ను వింతగా చూసింది. "మనసేం మారలే. ఇప్పటికీ దాన్ని చూస్తే నాకు కోపమే. నువ్వే జెప్పినవ్ గదా పొమ్మని, పోయిన" అంది.

ప్రియులారా, ఆ మాట విని నేను సంతోషించి ఉండాలి. సంతోషించలేదు. అక్కడ రొట్టె పళ్లెం పట్టుకొని నిలబడ్డ నాకు ఒక అన్న ఉన్నాడు. పదకొండేళ్లుగా ఆయనతో నాకు మాటలు లేవు.

*

ఈ సంగతి మన సంఘంలో కొద్దిమందికే తెలుసు. మా అమ్మ చనిపోయేనాటికి నేను పరిచర్యలో ఉన్నాను, అన్న పట్నంలో ఉన్నాడు. బేగంబజార్‌లో హమాలీ. అమ్మ మంచం పట్టిన ఎనిమిది నెలల్లో ఆయన వచ్చింది రెండేసార్లు. మందులు, మూత్రం గుడ్డలు, రాత్రి జాగారాలు, అన్నీ నా భార్య, నేను చూసుకున్నాం. ఆ కష్టం నాలో చేదుగా పేరుకుంది. భూస్థాపన రోజు సమాధి దగ్గర వాక్యం నేనే చెప్పాను. తల్లిదండ్రులను సన్మానించమనే ఆజ్ఞ తీసుకున్నాను. పేరు ఎత్తలేదు గాని, అక్కడున్న ప్రతి మనిషికీ అది ఎవరి గురించో తెలుసు. కన్నతల్లిని పట్టించుకోనివాడు ఏ పట్నంలో ఎంత సంపాదించినా శాపమే అన్నాను. కన్నీళ్లతో చెప్పాను. గొంతు వణికింది. జనం ఆమెన్ అన్నారు. ఆ రోజు నా మీద దేవుని అభిషేకం దిగిందని నిజంగా అనుకున్నాను.

అన్న మట్టి వేసి, ఎవరితో మాట్లాడకుండా, అన్నం ముట్టకుండా సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు.

రెండేళ్ల తర్వాత మా పక్కింటావిడ మాటల మధ్యలో చెప్పింది. ఆ ఎనిమిది నెలలూ ప్రతి నెలా అన్న డబ్బు పంపాడట. నాకు చెప్పొద్దని, చెబితే తమ్ముడు చిన్నబుచ్చుకుంటాడని ఆమె చేతికి పంపేవాడట. అమ్మ మందులు "సంఘస్థులు ఎవరో ఇచ్చిన కానుక"తో వస్తున్నాయని నేను సాక్ష్యం కూడా చెప్పుకున్నాను.

అప్పుడైనా వెళ్లి ఉండాలి కదా. వెళ్లలేదు. సిగ్గుపడ్డాను, ఏడ్చాను, మూడు రోజులు ఉపవాసం ఉన్నాను. నాలో నేను ఇలా చెప్పుకున్నాను: దేవుడు సమయం చూపిస్తాడు, నా హృదయాన్ని సిద్ధపరుస్తాడు, ఆయన హృదయాన్నీ సిద్ధపరుస్తాడు. తొమ్మిదేళ్లు సిద్ధపడుతూనే ఉన్నాను. ఆ తొమ్మిదేళ్లలో ఎన్నో రాత్రులు ఆ విషయం మీద కన్నీటి ప్రార్థన చేశాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ కన్నీళ్లే నన్ను వెళ్లకుండా ఆపాయి. ఏడ్చిన ప్రతిసారీ ఏదో చేసినట్టు అనిపించేది. మనసు తేలికయ్యేది. పొద్దున లేచి నా పని నేను చూసుకునేవాణ్ణి.

తండ్రి ద్రాక్షతోటకు పొమ్మన్న ఇద్దరు కొడుకుల ఉపమానం (మత్తయి 21) మీకు తెలుసు. పోనన్నవాడు తర్వాత మనసు మార్చుకొని పోయాడు. పోతానన్నవాడు పోలేదు. పోతానన్న ఆ కొడుకును వేషధారి అని ప్రసంగాల్లో చాలాసార్లు తిట్టాను. ఇప్పుడు నాకు అనుమానం వస్తోంది. ఆ మాట అన్న నిమిషంలో వాడు నిజంగానే అన్నాడేమో. తండ్రి మీద ప్రేమ పొంగే అన్నాడేమో. తోటకు మాత్రం పోలేదు.

*

నవంబరులో క్రిస్మస్ ప్రేమవిందు కోసం సామాను కొనాలని పెద్దలు తీర్మానించారు. ప్రతి ఏడాదీ షామియానా దుకాణంలో కిరాయికి తెచ్చే బదులు సొంతంగా కొందామని. నూరు స్టీలు పళ్లేలు, రెండు పెద్ద బగోనలు, గరిటెలు, నీళ్ల డ్రమ్ములు. మన దగ్గర కొంటే ధర ఎక్కువ, బేగంబజార్ అయితే హోల్‌సేల్. "అయ్యగారే పోతే బాగుంటది" అన్నారు. నాకు కడుపులో తిప్పినట్టయింది. ఆ పేరు వింటేనే అంతే.

అన్న కొడుక్కి ఫోన్ చేశాను. "నాన్న ఫీల్‌ఖానా దిక్కు బండి మీద ఉంటడు బాబాయ్. పొద్దున పదింటికల్ల దొరుకుతడు" అన్నాడు. ఇంకేమీ అడగలేదు వాడు. తెలివైన పిల్లవాడు.

తొలి బస్సెక్కి ఇమ్లిబన్ బస్టాండులో దిగాను. వంతెన దాటి అఫ్జల్‌గంజ్ మీదుగా నడిచాను. దారిలో ఉస్మానియా ఆసుపత్రి. అక్కడొక చింతచెట్టు ఉంది, ఆ వైపు పోయినవాళ్లు చూసే ఉంటారు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఈ ప్రాంతాన్నంతా ముంచినప్పుడు నూటయాభై మందికి పైగా ఆ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఊళ్లో వేలమంది కొట్టుకుపోయారు. ఆ వరద తర్వాతే మళ్లీ అలా జరగకూడదని గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువులు కట్టారు. ఆ చెట్టు ముందు కాసేపు నిలబడ్డాను, ముందుకు వెళ్లబుద్ధి కాక. కొమ్మ పట్టుకున్నవాళ్లు లోపల ఎలా ఉన్నారో? భయంతో, చలితో, కళ్ల ముందు కొట్టుకుపోయిన పిల్లల్ని తలచుకుంటూ. విశ్వాసం పొంగిపొర్లి ఉండదు. చేతులు మాత్రం పట్టు విడవలేదు. ప్రార్థన చేద్దామని కళ్లు మూసుకున్నాను. ఒక్క మాట రాలేదు. ఆదివారం ఆరాధనలో ఎలా ఉంటుందో అలాగే, ఎండిపోయి ఉంది. బస్సెక్కి ఇంటికి పోదామనిపించింది. ప్రభువా, నాకు వెళ్లాలని లేదు, వెళ్తున్నాను అన్నాను. అంతే ప్రార్థన.

సిద్దిఅంబర్ బజార్ దాటి బేగంబజార్‌లో పడితే మనిషికి తన ఆలోచన తనకు వినబడదు. నిజాం అలీ ఖాన్ భార్య హమ్దా బేగం వ్యాపారులకు ఇచ్చిన స్థలమని, అందుకే ఆ పేరని చెబుతారు. ఒక గల్లీ నిండా స్టీలు, ఇత్తడి, ఇంకో గల్లీ కాజూ, కిస్‌మిస్, ఇంకోటి ప్లాస్టిక్. ఘాటుకు తుమ్ములు. ఆటోలు, తోపుడు బండ్లు, నెత్తి మీద మూటలు, "జరుగు జరుగు" అనే అరుపు నాలుగు భాషల్లో. ముందు సామాను కొన్నాను. నిజం చెప్పాలంటే అన్నను కలవడం ఇంకో గంట వాయిదా వేయడానికే ముందు సామాను కొన్నాను. బగోనను వేలితో కొట్టి మోత విన్నాను, ఏదో తెలిసినవాడిలా. దుకాణం సేటు నవ్వి, మోత చూడొద్దు, తూకం చూసుకొమ్మని కాంటా మీద పెట్టాడు. వెంటనే నా బుర్రలో ఒక ప్రసంగం మొదలైంది, మూడు అంశాలతో సహా. మా రోగం అది. ఏది చూసినా ప్రసంగం చేసుకుంటాం, చేయాల్సిన పని పక్కన పెట్టి. ఆ ప్రసంగం మీకు చెప్పను.

సామాను బస్టాండుకు చేర్చడానికి బండి కావాలి. ఇక తప్పలేదు.

అన్న ఒక గోదాము మెట్ల మీద కూర్చొని టీ తాగుతున్నాడు. జుట్టంతా నెరిసింది. ఎడమ భుజం కిందికి దిగిపోయింది. నన్ను చూసి లేవలేదు, మొహం తిప్పుకోనూ లేదు.

"ఎట్లొచ్చినవ్?" అన్నాడు.

"సామానుకొచ్చిన అన్నా. బండి కావాలె. అది కాదు... నీతో మాట్లాడదామని వచ్చిన."

"మాట్లాడు."

దారి పొడవునా ఏమేమో అనుకున్నాను. ఒకరినొకరు పట్టుకొని ఏడుస్తామనుకున్నాను. ఏశావు యాకోబు మెడ మీద పడి ఏడ్చిన దృశ్యం నా కళ్ల ముందే ఉంది. తీరా నోరు తెరిస్తే సామాన్ల చీటీ చదివినట్టు వచ్చింది. "అమ్మ సమాధి కాడ నేను మాట్లాడింది తప్పు. నలుగుర్ల నిన్ను అవమానం చేసిన. పైసలు నువ్వే పంపినవని తర్వాత తెలిసింది. తెలిసి గూడ తొమ్మిదేండ్లు రాలె. అది ఇంకా పెద్ద తప్పు. క్షమించు అన్నా." కన్నీళ్లు లేవు. గొంతు వణకలేదు. సమాధి దగ్గర శపించినప్పుడు ఉన్న ఆవేశంలో పదో వంతు కూడా క్షమాపణ అడిగినప్పుడు లేదు.

అన్న టీ తాగడం అయ్యేదాకా ఏమీ అనలేదు. గ్లాసు పక్కన పెట్టి, "ఇన్నొద్దులకు యాదికొచ్చిందా?" అన్నాడు. లేచి తాడు భుజాన వేసుకొని, "సామాను ఏడుంది?" అని అడిగాడు.

*

అక్కడ ఆపి, ఒక మాట చెప్పుకోవాలి. మన యవనస్థుల్లో ఒకడు నన్ను అడిగాడు: "మనసు లేకుండ చేస్తే అది వేషధారణే గదా అయ్యగారు?" మంచి ప్రశ్న. అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. వేషధారణ అంటే లేని మనసును ఉన్నట్టు చూపించడం. మనసు లేదని దేవుని ముందు ఒప్పుకొని, అయినా లేచి వెళ్లేవాడు ఎవర్ని మోసం చేస్తున్నాడు? గెత్సేమనేలో మన ప్రభువు ఆ గిన్నె తనకు వద్దనే ప్రార్థించాడు. మూడుసార్లు. ఆ కోరికను దాచలేదు. దాని మాట విని ఆగలేదు కూడా.

బైబిలు కళాశాలలో డిప్లొమా చదివే రోజుల్లో ఒంగోలు సంగతి విని ఉప్పొంగిపోయేవాళ్లం. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకె ప్రతి బాప్టిస్టు ఇంట్లో తెలుసు. దానికి ముందు జరిగింది మాత్రం ఎవరూ ప్రసంగాల్లో చెప్పరు. అది ధాత కరువు కాలం. జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకొని వేలమందికి పని, కూలి ఇప్పించాడు. జనం బాప్తిస్మం ఇమ్మని వచ్చారు. ఆయన ఏడాదికి పైగా ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారో, ప్రభువు కోసం వచ్చారో తేలాలని ఆగాడు. కరువు సాయం ఆగిపోయింది. అప్పుడు కూడా వాళ్లు వచ్చారు. నాకు ఇప్పుడు ఆ 2,222 కంటే ఆ ఏడాదే పెద్దగా కనిపిస్తోంది. వద్దన్నా, వెనక్కి పంపినా, చేతికి ఏమీ రాకపోయినా మళ్లీ నడిచి వచ్చిన ఆ మాల మాదిగ పల్లెల మనుషులు. మన తాతముత్తాతలు. వాళ్ల దగ్గర కీబోర్డు లేదు.

భావాలు చెడ్డవని నేను అనడం లేదు. కీర్తనల గ్రంథం తెరిస్తే ఏడుపు, కోపం, గంతులు అన్నీ ఉన్నాయి. వస్తే దేవునికి స్తోత్రం. ఇంకో సంగతి కూడా, ఎవరైనా పొరపాటు పడకముందే. విధేయత అనే మాటను మా పాస్టర్లు చాలామంది తమ మాట చెల్లించుకోవడానికి వాడతారు. కొట్టే మొగుడితో కాపురం చేయమని ఆడవాళ్లకు చెప్పడానికి వాడతారు. సంఘం లెక్కలు అడిగినవాళ్ల నోరు మూయించడానికి వాడతారు. నేను చెప్పేది దాని గురించి కాదు. ప్రభువు స్పష్టంగా చెప్పిన పని, నాకు తెలిసిన పని, నేను తప్పించుకు తిరుగుతున్న పని గురించి. నా విషయంలో అది ఫీల్‌ఖానా గల్లీలో టీ తాగుతూ కూర్చొని ఉంది.

యోనా నీనెవెకు వెళ్లాడు, చెప్పమన్నది చెప్పాడు, ఊరు బతికింది. ఆ తర్వాత కూడా ఊరి బయట కూర్చొని కోపంగానే ఉన్నాడు. ఆ పుస్తకం ఆయన కోపంతోనే, దేవుని ప్రశ్నతోనే ఆగిపోతుంది. చల్లబడ్డాడో లేదో రాయలేదు.

*

సామాను బండికెత్తాం. బగోనల్లో పళ్లేలు సర్ది తాడు బిగించాడు అన్న. హమాలీ ఎంత అని అడిగాను, ఏమంటాడో తెలియక. "అందరికెంతనో నీకూ అంతే" అన్నాడు. వద్దంటాడేమోనని ఆశపడ్డాను. వద్దనలేదు. తీసుకున్నాడు, లెక్క చూసి జేబులో పెట్టుకున్నాడు.

వెనక నేను తోశాను. తెల్ల చొక్కా వేసుకొని బండి తోస్తున్న నన్ను చూసి ఇద్దరు ముగ్గురు నవ్వారు. అఫ్జల్‌గంజ్ దగ్గర బస్సుల మధ్య ఇరుక్కుని పావుగంట ఆగాం. ఆ పావుగంటలో ఆయన తన మోకాలి నొప్పి గురించి చెప్పాడు, కూతురి పెళ్లి అప్పు గురించి చెప్పాడు. ఆ పెళ్లికి నన్ను పిలవలేదు. అది కూడా చెప్పాడు, దాచకుండా. వదిన గురించి అడిగాను. షుగరట.

వంతెన మీదికి వచ్చాక అడిగాడు. "అమ్మ సమాధి పగిలిందంట గదా?"

"తల కాడ పగిలిందన్నా. రెండేండ్లయింది."

"సూస్కోవద్దా నువ్వు? ఊర్లనే ఉంటివి గదా."

నాకు కోపం వచ్చింది. అవును, అప్పుడే క్షమాపణ అడిగిన నాకు, అంత మాటకే కోపం వచ్చింది. నోటిదాకా వచ్చిన జవాబు మింగాను. "తప్పే" అన్నాను.

బస్టాండులో సామాను కిందికి దించాం. మా ఊరి బస్సుకు ఇంకా నలభై నిమిషాలుంది. క్రిస్మస్‌కు రమ్మన్నాను. "రాను" అన్నాడు. అంత మంది ముందుకు ఇప్పుడే రాలేనని ఆయన చెప్పకపోయినా నాకు అర్థమైంది. ఆయన్ని మొదట అవమానించింది ఆ మందిలోనే కదా. ఇది రాయడానికి అనుమతి మొన్న వదిన ద్వారా అడిగించాను. "రాసుకోమను, నా పేరు పెట్టొద్దను" అన్నాడట.

బండి తిప్పుకొని నాలుగడుగులు వేసి ఆగాడు. "పళ్లేలు నూరున్నయా? ఎంచుకున్నవా?"

"దుకాణంల ఎంచిచ్చిండ్రు."

"వాళ్లెంచిస్తే ఎంచినట్టేనా," అని వెనక్కొచ్చి, తాడు విప్పి, బస్టాండు గచ్చు మీద గొంతుక్కూర్చొని పళ్లేలు ఒక్కొక్కటీ తీసి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నేను ఎదురుగా కూర్చొని, ఆయన లెక్కపెట్టినవి అందుకొని పక్కన పేర్చాను. తొంభై ఎనిమిది ఉన్నాయి.

"పా" అన్నాడు, బండి అక్కడే ఒకరికి అప్పజెప్పి. "రెండు పళ్లేలు తెచ్చుకుందాం."